లండన్ పోయొచ్చినం – నేను, నా దోస్తు, తొమ్మిది రోజులు (పెద్ద పోస్టు, ఓపికతోని చదవండి)

నల్లకుంట_టీచర్ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోయిన సంవత్సరం ఇక్కడనే అడిగిన, ఇద్దరు ఆడోళ్ళం, యాభై దాటినోళ్ళం, ప్యాకేజీ టూర్ లేకుండ మా అంతట మేము లండన్ పోవచ్చా అని. మీల చాలామంది ధైర్యం చెప్పిండ్రు. సెప్టెంబర్ల పోయొచ్చినం. రాస్త అని మాటిచ్చిన గాని ఇంట్ల పెళ్లి పనులల్ల పడి కుదరలే, ఇవ్వాళ కూర్చున్న.

నేను, నా దోస్తు 1986ల కోఠి ఉమెన్స్ కాలేజీల ఒకే బెంచి. అప్పట్నుంచి అనుకుంటున్నం ఎప్పుడన్న ఇద్దరమే ఎటన్న పోవాలె అని. పెళ్లిళ్ళు, పిల్లలు, అత్తమామలు, ఆమెకైతే నాలుగేండ్ల కింద ఇంటాయన పోయిండు, ఇట్ల ఏండ్లకేండ్లు గడిచిపోయినయి. చివరికి ఇద్దరం ఒకే చిట్టి కట్టి, ఎంత అవసరం వచ్చినా పాడకుండ ఆఖరి నెల దాక ఆగి ఎత్తుకున్నం. అవే పైసలు.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్, పది గంటలకు అటుఇటు. హీత్రూల దిగినంక ట్యాక్సీ తీసుకోలే, పికాడిల్లీ లైన్ మెట్రో రైలు (మ్యాపుల ముదురు నీలం రంగు) ఎక్కితే మారే పని లేకుండ గంటల కింగ్స్ క్రాస్‌ల దిగినం. రూమ్ అక్కడనే. ఆ హోటల్‌తోని మాత్రం బాధ అయింది, బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందని రాసి ఉండె, తీరా చూస్తే లిఫ్ట్ మూడో అంతస్తు దాక లేదు, మా దోస్తుకు మోకాళ్ళ నొప్పులు, రోజుకు రెండుసార్లు ఆ మెట్లు. పెద్దోళ్ళతోని పోయేటోళ్ళు బుక్ చేసే ముందు మెయిల్ పెట్టి రాతల తీసుకోండి.

బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, గ్రీనిచ్, టవర్ ఆఫ్ లండన్ అన్ని చూసినం. లండన్ ఐ అనే పెద్ద చక్రం ఎక్కలే, కింద నిలబడి చూసినం, చాలనిపించింది. గాని నా మనసుల నిలిచిపోయింది మాత్రం బ్రిటిష్ మ్యూజియంల ఒక్క గది, అమరావతి గది. దాని గురించే అసలు రాయాలనుకున్న, వేలు నొప్పి పెడుతుంది, రేపు రాస్త.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:15

మేడమ్ సూపర్ అండి. నేనూ నా ఫ్రెండూ మే నెలలో ప్లాన్ చేస్తున్నాం, ఇద్దరం ఐటీనే, ఏడు రోజులే సెలవు. వీసాకి ఏమేం పెట్టారు, ఎన్ని రోజుల్లో వచ్చింది చెప్తారా? మా ఏజెంట్ ముందే టికెట్లు కొనేయమంటున్నాడు, వీసా రాకుండా కొనాలంటే భయంగా ఉంది.

నల్లకుంట_టీచర్ | ఆదివారం, రాత్రి 10:50

బాబు, టికెట్లు ముందు కొనొద్దు, మాకు గూడ ఒక ఏజెంట్ అట్లనే చెప్పిండు, మేము వినలే. ఏ తారీకు పోతున్నరు, ఎక్కడ ఉంటరు, పైసలు ఎక్కడియి, తిరిగి ఎందుకు వస్తరు, ఈ నాలుగింటికి కాయితం ఉంటే చాలు. మేము ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంటి ట్యాక్స్ రసీదు, ఆమె ఫ్యామిలీ పెన్షన్ కాయితాలు పెట్టినం. చిట్టి పైసలు ఒక్కసారి అకౌంట్ల పడ్డయి గదా, అవి యాడికెల్లి వచ్చినయో ఒక లెటర్ రాసి చిట్టి పాస్‌బుక్ కాపీ జత చేసినం, అది చేయకపోతే అనుమానం వస్తదని మా తమ్ముడు చెప్పిండు. ఫారం ఆన్‌లైన్ల నింపి, వేలిముద్రలు ఇచ్చి వచ్చినంక మూడు వారాలల్ల పాస్‌పోర్టులు వచ్చినయి. స్టాండర్డ్ విజిటర్ వీసా, ఆరు నెలలది.

ఈస్ట్‌హామ్_విజయవాడ | సోమవారం, ఉదయం 11:20

నేను లండన్‌లోనే ఉంటా, పన్నెండేళ్ళయింది. టీచర్ గారూ చక్కగా రాశారు. మే నెల వాళ్ళకి ఒకటి చెప్పాలి. ట్రెయిన్‌లో, బస్సులో కార్డు ట్యాప్ చేస్తే సరిపోతుంది గానీ ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఇద్దరూ ఒకే కార్డు ట్యాప్ చేస్తే కుదరదు. ఇక్కడికొచ్చాక చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. రోజుకి ఒక లిమిట్ ఉంటుంది, అది దాటాక ఎంత తిరిగినా డబ్బు పోదు, కాకపోతే పొద్దున్న ఏ కార్డు వాడారో రాత్రి దాకా అదే వాడాలి, పొద్దున ఫోను మధ్యాహ్నం ప్లాస్టిక్ కార్డు అయితే రెండూ వేరే లెక్క. బస్సులో 2014 నుంచి క్యాష్ తీసుకోరు. ఒకసారి బస్సెక్కితే గంట లోపల ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి నేనైతే ట్యూబ్ (ఇక్కడి మెట్రో రైలు) కంటే బస్సే చెప్తా, 15 నంబర్ బస్సు పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటే ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా ఊరంతా కళ్ళ ముందే.

నల్లకుంట_టీచర్ | సోమవారం, రాత్రి 8:30

తమ్ముడు, ఆ 15 నంబర్ మేము రెండుసార్లు ఎక్కినం, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఇగ మ్యూజియం సంగతి. నేను 26 ఏండ్లు సోషల్ చెప్పిన. శాతవాహనుల పాఠం వచ్చిన ప్రతిసారి అమరావతి స్తూపం బొమ్మ, నల్లగ మసకగ అచ్చయిన బొమ్మ, దాని కింద ఒక లైన్, శిల్పాలు ఇప్పుడు లండన్‌ల ఉన్నయి అని. ఆ లైన్ చదివించి పక్క పేజీకి పోయేదాన్ని. ఒకసారి ఒక పిల్ల లేచి అడిగింది, టీచర్ మనయి వాళ్ళ దగ్గర ఎందుకున్నయి అని. నేను ఏదో చెప్పి కూర్చోబెట్టిన. ఆ పిల్ల మొఖం నాకు ఇంక గుర్తుంది.

మ్యూజియం ఫ్రీ, ఆన్‌లైన్ల టైమ్ బుక్ చేసుకుంటే లైన్ తక్కువ. శుక్రవారం పోయినం, ఆ ఒక్క రోజు రాత్రి ఎనిమిదిన్నర దాక తెరిచి ఉంటది. జనమంత ఈజిప్టు మమ్మీల దగ్గర. మా దోస్తు అన్నది, మమ్మీ మన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల చిన్నప్పుడే చూసినం గదా, పద నీ రాళ్ళ దగ్గరికే పోదాం అని. 33ఏ నంబర్ గది. లోపల అద్దాల వెనక గోడ పొడుగునా తెల్లటి పలకలు. నేను నల్ల బొమ్మ చూసి చూసి నల్లరాయి అనుకున్న, కాదు, పల్నాడు సున్నపురాయి, వెన్నపూస రంగు. గదిల మేము గాక ఇంకిద్దరే ఉన్నరు.

ఒక పలక ఉంది, రెండు దిక్కుల చెక్కింది. ఒక దిక్కు బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, బుద్ధుడు ఉండడు, పాదముద్రలు మాత్రం ఉంటయి, చుట్టూ మొక్కేటోళ్ళు. అది క్రీస్తు పూర్వందట. మూడు వందల ఏండ్లకు అదే రాయిని తిప్పి వెనకదిక్కు స్తూపం బొమ్మ చెక్కిండ్రు, గోపురం, గేటు ముందు సింహాలు, దండలు మోసేటోళ్ళు, అన్నీ. అంటే స్తూపం ఎట్ల ఉండెనో ఆ స్తూపం రాయి మీదనే ఉంది. అసలు స్తూపం మన దగ్గర ఇప్పుడు దిబ్బ, దాని రూపం అక్కడ లండన్‌ల. నా కండ్లల్ల నీళ్ళు ఆగలే. మా దోస్తు నా చెయ్యి పట్టుకొని ఏం మాట్లాడకుండ నిలబడ్డది. ఆమె మోకాలు చూసి గార్డు ఒకాయన మడత స్టూల్ తెచ్చి ఇచ్చిండు. రెండు గంటలు కూర్చున్నం. ఆడోళ్ళ గాజులు, నడుముకు కట్టుకున్న వడ్డాణాలు, చెవుల కమ్మలు, ఏనుగు మీద కూర్చున్నోళ్ళు, ఒక్కొక్కటి చూపెట్టుకుంట పోయినం. పాఠం చెప్పినప్పుడు నాకు ఇదంత తెల్వదు.

గుంటూరు_టు_మియాపూర్ | సోమవారం, రాత్రి 10:05

అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మాది అమరావతి పక్కన ధరణికోట దగ్గర పల్లెటూరు. ఆ దిబ్బని మా ముసలోళ్ళు దీపాలదిన్నె అనేవాళ్ళు. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి వెళ్ళొస్తూ దాని చుట్టూ ఆడుకునేవాళ్ళం, అప్పుడు దాని విలువ మాకెవరూ చెప్పలేదు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తా. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ ఊరు కట్టిస్తూ రాయి కోసం ఆ దిబ్బ తవ్వించారు. సంగతి తెలిసి 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వేయరు వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. ఈ మధ్యలో బోలెడు రాళ్ళు ఇళ్ళకీ మెట్లకీ పోయాయి, కొన్ని సున్నం కింద కాల్చేశారు. మెకంజీ గీయించిన ఆ బొమ్మల్లో ఉండి ఇప్పుడు ఎక్కడా లేని రాళ్ళు ఉన్నాయి, అది తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసు పంపించాడు, అవి అక్కడ ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పడున్నాయి, 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. బ్రిటిష్ మ్యూజియంకి 1880లో చేరాయి. ఇంకా బోలెడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్నాయి, అది మనకి రాత్రి రైలెక్కితే పొద్దున్నే, అదన్నా వెళ్ళి చూడండి అందరూ.

నల్లకుంట_టీచర్ | సోమవారం, రాత్రి 10:25

1859నా! బిగ్ బెన్ గంట మొదటిసారి కొట్టింది గూడ 1859లనే, అక్కడ బోర్డు మీద చదివి డైరీల రాసుకున్న. అంటే ఆ ఊర్ల ఆ గంట కొత్తగ మోగిన ఏడే మన రాళ్ళు ఓడ ఎక్కినయన్నమాట. తమ్ముడు, నువ్వు చెప్పిన ఈ ముక్క నాకు పాతికేండ్ల కింద తెలిసుంటే ఆ పిల్లకు సక్కగ చెప్పేదాన్ని.

చార్మినార్_చిన్నోడు | మంగళవారం, ఉదయం 9:10

మేడమ్ నాకు ఇవన్నీ చదివితే కోపం వస్తది. అవి మనయి, మనకు ఇచ్చేయాలె, అంతే. కోహినూర్ గూడ. గోల్కొండ కోటకి చుట్టాలను తీస్కపోయిన ప్రతిసారి గైడ్ చెప్తడు, కోహినూర్ ఇక్కడిదే అని, అది వినంగనే అందరూ అడుగుతరు ఇప్పుడు యాడుంది అని. మీరు టవర్ ఆఫ్ లండన్ల చూసిండ్రా దాన్ని?

నల్లకుంట_టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

చూసిన బిడ్డ. టికెట్ మనిషికి 35 పౌండ్ల దాక అయింది, మా ట్రిప్పుల అన్నిటికన్న ఎక్కువ ఖర్చు అదే. కిరీటాల ముందు నిలబడనియ్యరు, కింద బెల్టు జరుగుతుంటది, దాని మీద నిలబడితే అదే తీస్కపోతది. మేము మూడుసార్లు తిరిగొచ్చి ఎక్కినం, ఎవ్వరూ ఏమనలే. 1937ల చేయించిన రాణి కిరీటం, దాని ముందు భాగంల ఉంటది. 105 క్యారెట్లు. నిజం చెప్తున్న, రాళ్ళ దగ్గర వచ్చిన ఏడుపు వజ్రం దగ్గర రాలే. వజ్రం మీద ఎవ్వరి చెయ్యి కనబడదు. ఆ పలకల మీద మనోళ్ళ ఉలి దెబ్బ కనబడుతది.

గుంటూరు_టు_మియాపూర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:40

చిన్నోడు తమ్ముడూ, కోహినూర్ గోల్కొండ కోటలో దొరకలేదు, గోల్కొండ రాజ్యంలో ఉండే కొల్లూరు గనిలో దొరికిందని చెప్తారు, అది మా కృష్ణ ఒడ్డు, పల్నాడు వైపు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి వచ్చి అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఇప్పుడా చోటు పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. స్తూపం రాయి కూడా పల్నాడుదే, వజ్రమూ అక్కడిదే, రెండూ లండన్ చేరినయి.

ఈస్ట్‌హామ్_విజయవాడ | మంగళవారం, సాయంత్రం 4:15

ఇచ్చేయాలి అనేది నా మనసులో మాట కూడా. కానీ అది వాళ్ళ మ్యూజియం వాళ్ళు అనుకుంటే అయ్యే పని కాదు, 1963 నాటి చట్టం ఒకటుంది, దాని ప్రకారం కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప వస్తువులు బయటికి ఇవ్వకూడదు, చట్టం మారాలంటే వాళ్ళ పార్లమెంటు మార్చాలి. కోహినూర్ 1849లో లాహోర్ ఒప్పందంలో రాయించుకున్నారు, సంతకం పెట్టిన దులీప్ సింగ్‌కి అప్పటికి పదేళ్ళు. పదేళ్ళ పిల్లాడి చేత రాయించుకున్న కాగితం అది.

సైనిక్‌పురి_లక్ష్మి | మంగళవారం, సాయంత్రం 6:00

అడగడం మనం మానకూడదు అంటాను నేను. ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగతనంగా పోయిన బౌద్ధ శిల్పం ఒకటి ఆస్ట్రేలియా మ్యూజియం వాళ్ళు 2016లో తిరిగి ఇచ్చారు. అది దొంగ సొత్తు కాబట్టి వచ్చింది, అమరావతి సంగతి వేరే అని తెలుసు, అయినా అడగాలి. అలాగే మన దగ్గర ఉన్నవాటి మీద కూడా మనం అడగాలి. నిజాం జేకబ్ డైమండ్ కోహినూర్ కంటే పెద్దది, 184 క్యారెట్లు, మన దేశంలోనే రిజర్వ్ బ్యాంక్ లాకర్లో ఉంది, సాలార్‌జంగ్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు చూసినవాళ్ళు అదృష్టవంతులు, మా పిల్లలు చూడనేలేదు.

టీచర్ గారూ నాది వేరే ప్రశ్న అండి. నేనూ నా స్నేహితురాలూ సింగపూర్ వెళ్ళి డబ్బుల దగ్గర మాటా మాటా అనుకుని వచ్చాం, ముప్పై ఏళ్ళ స్నేహం, ఏడాదైంది సరిగ్గా మాట్లాడుకుని. మీ ఇద్దరికీ అట్లాంటిదేమీ రాలేదా?

నల్లకుంట_టీచర్ | మంగళవారం, రాత్రి 9:15

లక్ష్మి గారు, చదివి బాధయింది. మేము ఒక చిన్న జిప్పు సంచి పెట్టుకున్నం, ఇద్దరం తలా రెండు వందల పౌండ్లు దాంట్ల వేసినం, తిండి, చిన్నచిన్న టికెట్లు అన్ని దాంట్లకెల్లే, అయిపోతే మళ్ళ సమానంగ వేసుడు. ఎవరు ఎంత తిన్నరు అనే లెక్క లేదు. సొంత షాపింగ్ ఎవరిది వాళ్ళది. పైసల దగ్గర ఏం రాలే.

గాని నడక దగ్గర వచ్చింది. నాకు అన్ని చూడాలె అని ఆత్రం, ఆమెకు కాళ్ళు సహకరించవు. మూడో రోజు గ్రీనిచ్ల గుట్ట మీద అబ్జర్వేటరీ ఉంటది, రేఖాంశం సున్నా గీత అక్కడనే గదా, క్లాసుల ఎన్నిసార్లు గీసిన ఆ గీత, కాలు అటొకటి ఇటొకటి పెట్టి నిలబడాలని నా కోరిక. ఆమె గుట్ట కింద బెంచి మీద కూర్చుంట నువ్వు పో అన్నది. నేను జర రా, ఇంత దూరం వచ్చి కింద కూర్చుంటవా అని గట్టిగ అన్న. ఆమె ఏం అనలే, కండ్లు తుడుచుకుంది. నేను మీదికి పోయిన గాని గీత మీద నిలబడితే సంతోషమే అనిపించలే, ఐదు నిమిషాలల్ల దిగి వచ్చి సారీ చెప్పిన. ఆ రాత్రి కూర్చొని మా లిస్టుల సగం కొట్టేసినం. రోజుకు ఒక్క చోటు. అందుకే ఆ రాళ్ళ దగ్గర రెండు గంటలు దొరికినయి, పాత లిస్టు ప్రకారమైతే మ్యూజియం మొత్తానికి గంటన్నర రాసి పెట్టిన నేను.

మీ స్నేహితురాలికి ఫోన్ చేయండి లక్ష్మి గారు. సింగపూర్ మాట ఎత్తకుండ ఊకనే ఫోన్ చేయండి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:50

మేడమ్ మేం ఏడు రోజుల్లో ఇరవై మూడు ప్లేసులు రాసుకున్నాం, ఇది చదివి ఇద్దరం కూర్చుని మళ్ళీ చూస్తున్నాం. ఒకరినొకరు తప్పిపోతే ఎలా? నా ఫ్రెండు ఇంటర్నేషనల్ రోమింగ్ తీసుకోనంటున్నాడు.

నల్లకుంట_టీచర్ | మంగళవారం, రాత్రి 10:20

తీసుకోమను, తప్పకుండ. మేము తప్పిపోయినం గూడ. మ్యూజియం నుంచి వాపస్ వచ్చేటప్పుడు హోబర్న్ స్టేషన్ల ఆమె ఎక్కింది, నేను ఎక్కేలోపల తలుపులు పడ్డయి. అద్దంలకెల్లి ఆమె మొఖం చూసిన, నా గుండె ఆగినంత పనైంది, ఆమె దగ్గర సిమ్ లేదు. గాని ముందే ఒక మాట అనుకున్నం, లోపల ఉన్నోళ్ళు తర్వాతి స్టేషన్ల దిగి ప్లాట్‌ఫారం మీద దిగిన కాడనే నిలబడాలె, బయట ఉన్నోళ్ళు వెనక బండిల రావాలె, ఎవ్వరూ మెట్లు ఎక్కొద్దు. నేను తర్వాతి బండి ఎక్కి రస్సెల్ స్క్వేర్‌ల దిగితే అక్కడనే నిలబడి ఉంది. రెండు మూడు నిమిషాలే. ఇద్దరం పట్టుకొని ఏడ్చినం. ఈ ఒక్క మాట మీరు గూడ ముందే అనుకోండి.

తిండి సంగతి గూడ అడిగిండ్రు మెసేజ్‌ల. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి తీస్కపోయినం. నెయ్యి, పాలతోని చేసిన మిఠాయిలు, మాంసం మాత్రం పెట్టుకోవద్దు, అక్కడికి తీస్కరానియ్యరు. దోసె తినాలనిపిస్తే యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్, అన్ని మనోళ్ళ హోటళ్ళే. నల్లా నీళ్ళు నిమ్మళంగ తాగొచ్చు, సీసాలు కొనకండి.

కడప_కాగితం | బుధవారం, ఉదయం 7:30

టీచరమ్మా, ఇంత దూరం పోయినారు, బ్రౌన్ దొర సమాధి చూసినారా? సి.పి.బ్రౌన్ 1884లో లండన్‌లోనే పోయినాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. మా కడపలో ఆయన ఉండిన చోటే ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం, లైబ్రరీ ఉండాయి, నేను చదువుకునిందంతా ఆడనే. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించినాడు, 1852లో నిఘంటువు తెచ్చినాడు. మన రాళ్ళు ఆడికి పోయినాయి సరే, మన పద్యాలు మనకి మిగిలినాయంటే ఆ మనిషి చేతి కష్టం శానా ఉంది. నేను నాలుగేండ్ల కిందట కొడుకు దగ్గరికి పోయినప్పుడు పోయొచ్చినా. బేకర్లూ లైనులో కెన్సల్ గ్రీన్ అని స్టేషనే ఉంది. శానా పెద్ద తోట, 72 ఎకరాలు, లోపల ఆఫీసులో పేరు చెప్పి అడగండి, ఊరికే ఎతికితే దొరకదు.

నల్లకుంట_టీచర్ | బుధవారం, ఉదయం 8:05

అన్నా, పోలే. నాకు తెల్వదు ఆయన అక్కడ ఉన్నడని. మా దోస్తుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన, ఆమె అన్నది ఇంకో చిట్టి చూడు అని.

ఈస్ట్‌హామ్_విజయవాడ | బుధవారం, మధ్యాహ్నం 1:40

పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉండి నేనూ వెళ్ళలేదు, చెప్పుకోడానికి బాధగా ఉంది. ఈ ఆదివారం మా అమ్మాయిని తీసుకుని వెళ్తా, ఫోటోలు ఇక్కడే పెడతా. కేపీహెచ్‌బీ తమ్ముడూ, మేలో మీరొచ్చినప్పుడు మెసేజ్ పెట్టండి, మ్యూజియంకి నేనూ వస్తా.

కేపీహెచ్‌బీ_కుర్రాడు | బుధవారం, రాత్రి 8:55

తప్పకుండా అన్నా. లిస్టు ఇరవై మూడు నుంచి తొమ్మిదికి తెచ్చాం. శుక్రవారం సాయంత్రం మొత్తం 33ఏకే వదిలేశాం. మేడమ్, ఆ గది సులువుగా ఎటు నుంచి వెళ్ళాలి?

నల్లకుంట_టీచర్ | బుధవారం, రాత్రి 9:10

ముందు గేటు దిక్కు జనం ఎక్కువ. వెనక మాంటేగ్ ప్లేస్ అని వీధి ఉంటది, ఆ గేటు నుంచి పోతే దగ్గర. 33 నంబర్ పెద్ద హాలు, దాని పక్కనే అద్దాల గది. రెండు దిక్కుల చెక్కిన ఆ పలకను రెండు దిక్కులకెల్లి చూడు బాబు. ముందు చెట్టు ఉన్న దిక్కు, తర్వాత స్తూపం ఉన్న దిక్కు.

సైనిక్‌పురి_లక్ష్మి | బుధవారం, రాత్రి 11:30

టీచర్ గారూ, ఫోన్ చేశానండి. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం.